జీతం లేని పోలీసు చేతికి తుపాకీ ఇవ్వొచ్చా?

గోదారమ్మాయి (టెక్సస్):
మా ఆయనకి 46 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ మధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పుడు మా ఊరి పోలీసుల్లో రిజర్వ్ ఆఫీసర్‌గా చేరతానంటున్నారు. జీతం ఉండదు, నెలకి కొన్ని గంటలు డ్యూటీ చెయ్యాలి, యూనిఫాం, బ్యాడ్జి, తుపాకీ మాత్రం మామూలు ఆఫీసర్‌కి ఉన్నట్టే ఉంటాయి. "ఇన్నేళ్లుగా ఈ ఊరు మనకి తిండి పెడుతోంది, మనం దీనికేం చేశాం?" అంటారు. ఆ మాట కాదనలేను. కానీ అర్ధరాత్రి ఏదో కారుని ఆపి, లోపల ఎవరున్నారో తెలియకుండా దాని దగ్గరికి నడిచి వెళ్లడం తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. సరే, నా టెన్షన్ పక్కన పెట్టండి. అసలు ఈ పద్ధతి సరైనదేనా? అక్కడే చాప్లెయిన్లు, అంటే పోలీసులకీ బాధితులకీ ధైర్యం చెప్పే మతపెద్దలు, వాళ్లూ వాలంటీర్లే. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. తుపాకీ దగ్గరే నాకు మనసొప్పట్లేదు.

తుల్సా_పాతకాపు:
సరైనది కాదమ్మా. మా ఊళ్లో, ఓక్లహోమాలోని తుల్సాలో, జరిగింది చెప్తాను. 2015 ఏప్రిల్ 2న షెరీఫ్ (ఎన్నికల్లో గెలిచి వచ్చే కౌంటీ పోలీసు అధిపతి) ఆఫీసు రిజర్వ్ డిప్యూటీ రాబర్ట్ బేట్స్, 73 ఏళ్ల ఇన్సూరెన్స్ వ్యాపారి, ఎరిక్ హారిస్‌ని కాల్చి చంపాడు. హారిస్ దగ్గర ఆయుధం లేదు, పారిపోతుంటే మిగతావాళ్లు అప్పటికే నేల మీద పడేసి పట్టుకున్నారు. బేట్స్ "టేజర్" (కరెంటు షాక్ ఇచ్చే ఆయుధం) అని అరిచి రివాల్వర్ పేల్చాడు. ఈయన షెరీఫ్‌కి స్నేహితుడు, ఎన్నికల్లో ఆయన కోసం పనిచేసినవాడు, ఆఫీసుకి కార్లూ కెమెరాలూ కొనిచ్చినవాడు. శిక్షణ విషయంలో ఈయన్ని ప్రత్యేకంగా చూస్తున్నారని 2009లోనే లోపలి విచారణలో రాశారు, అయినా పక్కన పెట్టలేదు. 2016లో బేట్స్‌కి నాలుగేళ్ల శిక్ష పడింది, అంతకుముందే షెరీఫ్ దిగిపోవాల్సి వచ్చింది. జీతగాడైతే పైవాళ్లు గట్టిగా అడగగలరు. ఎదురు డబ్బిచ్చి పనిచేసేవాణ్ణి ఎవరడుగుతారు?

రాత్రిడ్యూటీ (కాలిఫోర్నియా):
తొమ్మిదేళ్లుగా రిజర్వ్‌గా చేస్తున్నాను, అందుకే ఈ మాట బాధ కలిగించింది. 2021లో మిన్నెసోటాలో డాంటే రైట్‌ని కూడా టేజర్ అనుకుని తుపాకీ పేల్చే చంపారు. పేల్చిన ఆఫీసర్ కిమ్ పాటర్‌ది జీతమొచ్చే ఉద్యోగమే, 26 ఏళ్ల సర్వీసు. కాబట్టి అన్నా, తేడా జీతంలో లేదు, శిక్షణలోనూ పర్యవేక్షణలోనూ ఉంది. మా దగ్గర రిజర్వులు మూడు లెవెళ్లు. లెవెల్ వన్ వాళ్లే ఒంటరిగా డ్యూటీ చెయ్యగలరు, లెవెల్ టూ పక్కన పూర్తిస్థాయి అధికారం ఉన్న ఆఫీసర్ ఉండాల్సిందే, లెవెల్ త్రీ వాళ్లకి పరిమితమైన సహాయక పనులు. లాస్ ఏంజెలెస్‌లో ఈ రిజర్వ్ దళం 1947 నుంచీ ఉంది. మీ టెక్సస్‌లో రిజర్వ్ అయినా పోలీసు లైసెన్సు తప్పనిసరి, దానికి ఏడు వందల గంటలకు పైగా అకాడమీ. పగలు ఆఫీసు, సాయంత్రం క్లాసు అంటే ఇల్లు మొత్తం మీరే చూసుకోవాలి, అది ముందే మాట్లాడుకోండి.

నల్గొండ_అన్న:
నా అభ్యంతరం వేరు. మన దగ్గర హోంగార్డులను చూడండి. కాగితం మీద అది స్వచ్ఛంద సేవ, నిజానికి ట్రాఫిక్ నుంచి బందోబస్తు దాకా ఏళ్ల తరబడి చేసే పూర్తి ఉద్యోగం. నెల మొత్తం మీద పోలీసుల కనీస వేతనానికి సమానంగా వచ్చేలా రోజు భత్యం ఇవ్వండని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. తెలంగాణలో 921 రూపాయలున్న భత్యం 2025 నుంచి వెయ్యి అయింది. మా బాబాయ్ హోంగార్డుగానే రిటైర్ అయ్యాడు, పెన్షన్ లేదు. అమెరికాలో కడుపు నిండినవాళ్లు సరదాతో కాదు, ప్రేమతోనే చేస్తారని ఒప్పుకుంటాను. కానీ ఉచితంగా దొరికితే నగరం రేపు ఒక ఆఫీసర్ పోస్టు ఖాళీగా ఉంచేస్తుంది.

టకోమా_వదిన:
చాప్లెయిన్ల సంగతి అంత తేలిక కాదు చెల్లీ. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం ఒక చర్చితో ఒప్పందం చేసుకుని పోలీసు చాప్లెయిన్‌కి జీతమిస్తే, అది రాజ్యాంగ విరుద్ధమని 1980లో కోర్టు కొట్టేసింది. మా పియర్స్ కౌంటీలో వాలంటీర్ చాప్లెయిన్ల మీదా కేసు వేశారు, దాన్ని 1997లో మా వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తప్పులేదంది.

అయినా చాప్లెయిన్ కావాలనే అంటాను. మా వీధిలో మన కుర్రాడు కారు ప్రమాదంలో పోయినప్పుడు తెల్లవారుజామున అతని రూమ్మేట్లకి చెప్పడానికి ఆఫీసర్‌తో పాటు చాప్లెయిన్ వచ్చాడు. పెద్ద వయసు, చర్చి పాస్టర్. ప్రార్థన చెయ్యమంటారా అని కూడా అడగలేదు. వాళ్లు ఊళ్లో ఉన్న అతని అమ్మానాన్నలకి ఫోన్ చెయ్యలేక ఏడుస్తుంటే నేల మీద వాళ్ల పక్కనే కూర్చున్నాడు. భాష మాత్రం రాలేదు, తెలుగులో ఆ ఫోన్ నేను చేశాను. మృతదేహం పంపే ఏర్పాట్లకి తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ల సహాయ బృందం టీమ్ స్క్వేర్ లాంటివి ఉన్నాయి, కానీ తలుపు తట్టే ఆ మొదటి గంటలో మనవాళ్లు ఎవరూ ఉండరు.

గోదారమ్మాయి:
వదినా, మీరు రాసింది ఆయనకి చదివి వినిపించాను, చాలాసేపు మాట్లాడలేదు. తుల్సా అన్నగారి ప్రశ్నకి మాత్రం ఆయన దగ్గరా జవాబు లేదు. నా మాట ఇప్పుడు ఇది: పూర్తి శిక్షణ ఉన్నా, పక్కన సీనియర్ లేకుండా ఆయన తుపాకీతో బయటికి వెళ్లకూడదు. ఆ షరతు రాతపూర్వకంగా ఉందో లేదో గురువారం వాళ్ల సమావేశంలో అడుగుతాం. లేకపోతే దరఖాస్తు పెట్టరు, నాకు మాటిచ్చారు. చాప్లెయిన్ల బృందంలో తెలుగు, హిందీ వచ్చినవాళ్లని, మతగురువులు కాకపోయినా, తీసుకుంటారా అని నేను అడుగుతాను. తీసుకుంటే నేనే చేరతాను.

తుల్సా_పాతకాపు:
దానికి నా అభ్యంతరం లేదమ్మా. వాళ్లేమన్నారో గురువారం రాత్రి ఇక్కడ రాయి.