రేడియో రికార్డింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? పీఎల్-880, విండోస్ 11 ల్యాప్‌టాప్

రాత్రిశ్రోత:
అందరికీ నమస్కారం. రేడియో టెక్సన్ పీఎల్-880. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఒకటే ఆడియో జాక్ ఉంది, హెడ్‌సెట్ పెట్టుకునేది. రాత్రిపూట మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు, తెల్లవారుజామున షార్ట్ వేవ్ రికార్డు చేసి, రిసెప్షన్ రిపోర్టుకి (స్టేషన్ ఎలా వినిపించిందో వాళ్లకి రాసి పంపేది) క్లిప్పు జత చేయాలని.

ప్రస్తుతం ఆడాసిటీ వాడుతున్నాను. ఇబ్బందులు ఇవి. టైమర్ రికార్డ్ ఒకసారికి ఒక్కటే పెట్టనిస్తోంది, నాకు రాత్రికి నాలుగైదు కావాలి. సౌండ్ యాక్టివేటెడ్ రికార్డింగ్ (ధ్వని వస్తేనే నడిచేది) పెడితే ఒకసారి ఆగకుండా నడుస్తుంది, ఒకసారి మాట మధ్యలో తెగిపోతుంది. రేడియో లైన్ అవుట్ నుంచి జాక్‌కి మామూలు స్టీరియో వైరు పెట్టాను. రికార్డింగ్ మాత్రం బావిలోంచి వస్తున్నట్టు డొల్లగా ఉంది. ఛార్జర్ పెడితే గర్రుమని మోత, తీస్తే తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ మారిస్తే ఇవన్నీ పోతాయా? ఉచితమైతే మేలు.

వైరు_పిన్ను:
డొల్లతనానికీ మోతకీ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదండీ. ముందు ఒక పరీక్ష చేయండి. రికార్డింగ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ ఒంటి మీద, కీబోర్డు పక్కన, వేలితో రెండుసార్లు తట్టండి. ఆ టకటక రికార్డింగ్‌లో వినిపిస్తే వైరులోంచి ఏమీ రావట్లేదని అర్థం. ల్యాప్‌టాప్ లోపలి మైకు గదిలో మోగుతున్న రేడియో స్పీకర్‌ని వింటోంది, అంతే.

ఎందుకంటే హెడ్‌సెట్ జాక్‌లో నాలుగు భాగాలుంటాయి: కొసన ఎడమ, తర్వాత కుడి, తర్వాత గ్రౌండ్, అన్నిటికన్నా వెనక మైకు. మీ మామూలు స్టీరియో పిన్నుకి ఉన్నవి మూడే. ల్యాప్‌టాప్ దాన్ని ఉత్త హెడ్‌ఫోన్ అనుకుని మైకు కోసం లోపలిదే వాడుకుంటుంది. పైగా, హెడ్‌ఫోన్ జాక్‌లా కాకుండా, లైన్ అవుట్‌కి వైరు పెట్టినా రేడియో స్పీకర్ ఆగదు. అందుకే తేడా తెలియలేదు.

నాలుగు భాగాల పిన్ను కొని మైకు వైపు కలిపితే సరిపోతుందా అంటే, సరిపోదు. మైకు ఇన్‌పుట్ కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసింది, లైన్ అవుట్ దానికి చాలా ఎక్కువ. ధ్వని పగిలిపోతుంది. మధ్యలో తగ్గింపు పెట్టాలి: రేడియో నుంచి వచ్చే తీగకి వరసలో 10 కిలోఓమ్ రెసిస్టర్, దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓమ్. దీంతో సిగ్నల్ 11వ వంతుకి, అంటే సుమారు 21 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకు పిన్ను మీద ల్యాప్‌టాప్ పంపే చిన్న డీసీ వోల్టేజీ రేడియో వైపు వెళ్లకుండా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా వరసలో వేయండి. ఇంకోటి: స్టీరియో అవుట్‌పుట్‌లో మోనో పిన్ను ఎప్పుడూ గుచ్చకండి, కుడి ఛానెల్ గ్రౌండ్‌కి షార్టవుతుంది.

సోల్డరింగ్ వద్దనుకుంటే, అసలైన లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. బెరింజర్ యూసీఏ202, 222 ఇలాంటివే. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకే, మన పనికి అది ఎక్కువే. వేలెడంత చవక డాంగిల్స్‌లో ఉండేది మైకు ఇన్‌పుట్, వాటికి మళ్లీ పై తగ్గింపు కావాలి.

మోత సంగతి. వైరు పెట్టే ఉంచి రేడియో ఆపేయండి. మోత ఇంకా రికార్డవుతుంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల గ్రౌండ్‌లు చుట్టుగా కలిసి కరెంటు మోత ఎక్కడం; 50 హెర్ట్జ్, దాని గుణిజాలు వినిపిస్తాయి. 600 ఓమ్స్ 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెడితే పోతుంది. రేడియోని అదే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఛార్జ్ చేస్తూ రికార్డు చేసేవాళ్లకి తరచూ వచ్చేది ఇదే. రేడియో ఆపగానే మోత పోతే మాత్రం ఛార్జర్ పుట్టించే రేడియో గోల ఆడియో వైరు పట్టుకుని ఏంటెనాలోకి ఎక్కుతోందని అర్థం. రేడియో తన 18650 బ్యాటరీ మీదే నడుస్తుంటే ఎక్కువగా ఇదే ఉంటుంది. ఆడియో వైరుని ఫెరైట్ రింగులో ఐదారు చుట్లు తిప్పండి, రేడియో దగ్గరి కొసన. ఛార్జర్ వైరుకి కూడా ఒకటి. ఒక్క చుట్టుతో బిగించే క్లిప్ ఫెరైట్ మీడియం వేవ్‌లో దాదాపు ఏమీ చేయదు.

మధ్యతరంగం:
వైరు సరయ్యాక సాఫ్ట్‌వేర్ మాట. ఆడాసిటీ ఉండనివ్వండి, కోతకీ వినడానికీ. రాత్రి కాపలాకి మాత్రం వేరేది కావాలి.

సౌండ్ యాక్టివేటెడ్ మనకి పనికిరాదు. అది పుట్టింది నిశ్శబ్దం ఉండే చోటుకి, అంటే స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు ధ్వని ఆపేసే ఏర్పాటు) ఉన్న వీహెచ్‌ఎఫ్ స్కానర్ల లాంటివాటికి. ఏఎమ్‌లో స్టేషన్ లేకపోయినా బుస ఉంటుంది, గీత (ఎంత ధ్వనికి మొదలవాలో ఆ హద్దు) కిందకి పెడితే ఆగదు, పైకి పెడితే ఫేడింగ్‌లో స్టేషన్ పేరే తెగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం: మధ్యలో ఆగి మొదలైన ఫైలులో ఏ మాట ఏ నిమిషంలో వచ్చిందో లెక్క ఉండదు. టైము చెప్పలేని రికార్డింగ్ రిపోర్టుకి ఎందుకూ కొరగాదు.

నా సలహా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (కమాండ్లతో నడిచే రికార్డింగ్ ప్రోగ్రాం), విండోస్ టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన టైముకి ప్రోగ్రాం నడిపేది) జోడీ. రెండూ ఉచితం, రాత్రికి ఎన్ని రికార్డింగులైనా పెట్టుకోవచ్చు. చిన్న బ్యాచ్ ఫైలులో చెప్పాల్సింది కొంచెమే: డైరెక్ట్‌షో (విండోస్‌లో ఆడియో అందించే భాగం) నుంచి తీసుకో, ఫలానా పరికరం, ఒక ఛానెల్, 22,050 శాంపిల్ రేటు, 600 సెకన్లు, ఈ పేరుతో డబ్ల్యూఏవీగా దాచు. దెబ్బతీసేవి మాత్రం ఇవి:

– ఫైలు పేరులో తేదీ, టైము తప్పక పెట్టండి. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే "చెరిపి రాయమంటారా" అని అడిగి, జవాబు కోసం తెల్లవార్లూ కూర్చుంటుంది. మొదటి రాత్రి బాగుండి రెండో రాత్రి ఏమీ రికార్డవలేదంటే కారణం ఇదే.
– టాస్క్ షెడ్యూలర్‌లో కండిషన్స్ పేజీ చూడండి. "ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టు" అనే టిక్కు ముందే పెట్టి ఉంటుంది. మోత పోవాలని ఛార్జర్ తీసి పడుకుంటే టాస్క్ అసలు మొదలవదు. అది తీసేసి, "కంప్యూటర్‌ని నిద్రలేపు" పెట్టండి. పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్స్ కూడా బ్యాటరీకీ కరెంటుకీ రెండింటికీ ఆన్ చేయాలి. అసలు నిద్రపోనివ్వకుండా స్లీప్ ఆపేయడమే ఇంకా నమ్మకం.
– యూఎస్‌బీ కార్డుని వేరే పోర్టులో పెడితే విండోస్ దాని పేరు ముందు "2-" లాంటి అంకె తగిలిస్తుంది. బ్యాచ్ ఫైలులో పాత పేరు ఉంటే పరికరం దొరకలేదంటుంది. ఏ పోర్టో నిర్ణయించుకుని అక్కడే ఉంచండి.
– ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకి మైకు అనుమతి లేకపోతే పది నిమిషాల నిశ్శబ్దం రికార్డవుతుంది. లైన్ ఇన్‌పుట్‌కీ ఇదే అనుమతి.
– ఆ ఇన్‌పుట్ ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ మొత్తం ఆఫ్. నాయిస్ సప్రెషన్ ఉంటే బలహీనమైన స్టేషన్‌నే గోల అనుకుని నొక్కేస్తుంది.

22,050 ఎందుకంటే, మన దగ్గర మీడియం వేవ్ ఛానెళ్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్, షార్ట్ వేవ్‌లో 5. చేతికొచ్చే ఆడియో సుమారు ఐదు కిలోహెర్ట్జ్ లోపే. 16 బిట్ మోనోలో గంటకి 159 ఎంబీ అవుతుంది. అదే 44,100 స్టీరియో అయితే 635 ఎంబీ, అదనంగా వినిపించేదేమీ లేదు. ఎఫ్‌ఎమ్‌కైతే 44,100 పెట్టండి, అక్కడ ఆడియో 15 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది.

లెవెల్: గట్టి ఉరుము గోలకి కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, మామూలు మాట మైనస్ 12 దగ్గర ఆడాలి. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, పగిలింది అతకదు.

గోదావరి_డీఎక్స్:
ఒకే ఫ్రీక్వెన్సీ మీద రాత్రంతా కూర్చోవడం ఎందుకండీ? ఎస్‌డీఆర్ (కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో ట్యూన్ చేసే రిసీవర్) ఉంటే బ్యాండ్ మొత్తం దాచుకోవచ్చు. మన ప్రాంతంలో మీడియం వేవ్ 531 నుంచి 1602 దాకా, 9 చొప్పున 120 ఛానెళ్లు. ఎస్‌డీఆర్‌ప్లే ఆర్‌ఎస్‌పీ1ఎ లాంటిది సెకనుకి 20 లక్షల శాంపిల్స్ మీద పెడితే అన్నీ ఒక్క ఫైలులోకి వస్తాయి. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు హెచ్‌డీఎస్‌డీఆర్, ఎస్‌డీఆర్ కన్సోల్ రెండింట్లోనూ షెడ్యూలర్ ఉంది. పొద్దున తీరిగ్గా ఆ ఫైలు తెరిచి, 837 విజయవాడ పక్కన 846 అహ్మదాబాద్ వచ్చిందా అని ట్యూన్ చేసి చూడొచ్చు, ఫిల్టర్ వెడల్పు మార్చి మళ్లీ వినొచ్చు. ఆడియో రికార్డింగ్‌తో ఇది కుదరదు.

ఖరీదు డిస్కులో కట్టాలి: సెకనుకి 8 ఎంబీ, గంటకి 28.8 జీబీ. అందుకని గంట చుట్టూ (గంట మారే వేళకి అటూ ఇటూ) ఐదు నిమిషాలే, ఒక్కోటి 2.4 జీబీ. ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు రాయలేదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ చేయండి. ఆర్‌టీఎల్ అనే చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్‌తోనూ చేయొచ్చు గానీ అది 8 బిట్. హైదరాబాద్ దగ్గర 738 లాంటి పెద్ద స్టేషన్ నెత్తిన ఉంటే బలహీనమైనవన్నీ దాని కింద నలిగిపోతాయి.

మధ్యతరంగం:
ఆయన అడిగింది ఉన్న రేడియోతో. ఎస్‌డీఆర్ కొనమంటే అది వేరే చర్చ. అయినా "గంట చుట్టూ" అన్న మాట మీద ఒకటి చెప్పాలి. మన టైము యూటీసీకి (ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి టైము) ఐదున్నర గంటలు ముందు. చైనా, బంగ్లాదేశ్, పాకిస్తాన్ స్టేషన్లకి గంట కొట్టేది మన గడియారంలో 30వ నిమిషం దగ్గర. శ్రీలంక మన టైమే. ఇరాన్‌కీ మనకీ సరిగ్గా రెండు గంటల తేడా, కాబట్టి వాళ్ల గంట మన గంటతోనే పడుతుంది. స్టేషన్ పేరు చెప్పేది ఎక్కువగా అప్పుడే కాబట్టి, గంటకీ అరగంటకీ రెండింటికీ టాస్క్ పెట్టండి, రెండు నిమిషాల ముందు మొదలై మూడు నిమిషాల తర్వాత ఆగేలా.

తేదీ దగ్గర జాగ్రత్త. జనవరి 12 ఉదయం 5.25కి చేసిన రికార్డింగ్ యూటీసీలో జనవరి 11, 23:55. రిపోర్టులో 12 అని రాస్తే వాళ్ల ప్రోగ్రాం లాగుతో సరిపోలదు. ఫైలు పేరే 20250111_2355_ఫ్రీక్వెన్సీ అని యూటీసీలో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. పడుకునే ముందు విండోస్ టైము సెట్టింగుల్లో ఒకసారి సింక్ నొక్కండి.

రాత్రిశ్రోత:
వేలితో తట్టి చూశాను, టకటక స్పష్టంగా వినిపించింది. యూఎస్‌బీ కార్డే కొంటాను. రెండు ప్రశ్నలు. మధ్యలో బ్యాటరీ అయిపోయి ల్యాప్‌టాప్ ఆగితే ఆ డబ్ల్యూఏవీ ఫైలు పోయినట్టేనా? స్టేషన్‌కి పంపే క్లిప్పులో నాయిస్ రిడక్షన్ వేయొచ్చా?

వైరు_పిన్ను:
పోదు. ఎంత పొడవో రాసే తలభాగం మాత్రమే అసంపూర్తిగా ఉంటుంది, అప్పటిదాకా డిస్కులో పడిన ధ్వని లోపల ఉంటుంది. ఆడాసిటీలో ఫైల్, ఇంపోర్ట్, రా డేటా. 16 బిట్ సైన్డ్, లిటిల్ ఎండియన్, మోనో, 22,050 ఇవ్వండి. మొదట్లో చిన్న టప్పుమన్న చప్పుడు వస్తుంది, అది ఆ తలభాగమే, కోసేయండి. మాట గొంతు మారి వేగంగానో నెమ్మదిగానో వస్తే శాంపిల్ రేటు తప్పు ఇచ్చినట్టు.

మధ్యతరంగం:
నాయిస్ రిడక్షన్ వద్దు. వినేవాళ్లు ఇంజనీర్లు, మీ దగ్గర వాళ్ల సిగ్నల్ ఎలా వస్తోందో వాళ్లకి కావాలి. సిన్పోలో (రిసెప్షన్‌కి 1 నుంచి 5 దాకా మార్కులు వేసే పద్ధతి) గోలకి 2 వేసి, గోల కడిగేసిన క్లిప్పు జత చేస్తే మీ రిపోర్టుని మీ క్లిప్పే కాదంటుంది. స్టేషన్ పేరు అర్థం కాక మీరు వినడానికి వేసుకుంటే వేసుకోండి, కాపీ మీద. దానికన్నా 9 కిలోహెర్ట్జ్ ఈల ఉంటే 5 కిలోహెర్ట్జ్ దగ్గర లో-పాస్ ఫిల్టర్ వేయడం ఎక్కువ పని చేస్తుంది, మాట చెడదు.

అసలు ఫైలుని ఎఫ్‌ఎల్‌ఏసీగా దాచండి, ఒక్క చుక్క నాణ్యత కూడా పోకుండా చిన్నదవుతుంది. పంపడానికి పేరు వినిపించే చోట ఒక్క నిమిషం కోసి, 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3 చేయండి, 480 కేబీ వస్తుంది. మొదటి నుంచీ ఎంపీ3లోనే రికార్డు చేయకండి. బుసలో మునిగిన మాటని ముందు పారేసేది అదే.

గోదావరి_డీఎక్స్:
డీఆర్ఎమ్ (డిజిటల్ రేడియో ప్రసారం) వినే ఆలోచన ఉంటే పై లెక్కలేవీ వర్తించవు. ఆకాశవాణి మీడియం వేవ్‌లో కొన్నిచోట్ల వస్తుంది, మామూలు రేడియోలో ఒకే తీరు బుసగా వినిపించేది అదే. దాన్ని డ్రీమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో విప్పాలంటే స్పీకర్ ఆడియో పనికిరాదు. ఆడియోగా మారకముందు రిసీవర్ లోపలి సిగ్నల్, అంటే 12 కిలోహెర్ట్జ్ ఐఎఫ్ గానీ ఐక్యూ గానీ, 48,000 రేటుతో, కుదించకుండా తీసుకోవాలి. పీఎల్-880 లైన్ అవుట్‌లో అది రాదు.

ఇంకోటి, రిమోట్ కివీ ఎస్‌డీఆర్‌లో (ఎక్కడో ఉన్న రిసీవర్‌ని బ్రౌజర్‌లో వినేది) కూడా రికార్డు బటన్ ఉంటుంది, డబ్ల్యూఏవీ వస్తుంది. ఆపి సేవ్ చేసేలోపు బ్రౌజర్ ట్యాబ్ మూసేస్తే పోతుంది. ఆ క్లిప్పుతో రిపోర్టు రాస్తే రిసీవర్ ఏ ఊళ్లో ఉందో రాయండి, మీ ఊరు కాదు.

రాత్రిశ్రోత:
కార్డు వచ్చేదాకా ఒక ఫెరైట్ రింగు దొరికితే చుట్టి చూశాను, ఆరు చుట్లు. 738 మీద గర్రు పోయింది, 1400 పైన ఇంకా కొంచెం ఉంది.

వైరు_పిన్ను:
ఛార్జర్ వైరుకి చుట్టలేదు కదా. రెండో రింగు అక్కడ వేయండి, ల్యాప్‌టాప్ దగ్గరి కొసన. అప్పటికీ ఉంటే రేడియోని ల్యాప్‌టాప్ నుంచి రెండు మీటర్లు దూరం జరిపి, వైరు ఆ మేరకు పొడవు పెట్టుకోండి. లైన్ లెవెల్‌కి ఆ పొడుగు లెక్కలోకి రాదు.