బందరు నడకలో సముద్రం కనపడాలా, అక్కర్లేదా?

పటమట వాకర్:
డిసెంబరులో ఒక ఆదివారం మా వాకింగ్ బ్యాచ్ బందరు వెళ్దామనుకుంటోంది. పొద్దున్నే బెజవాడలో బస్సెక్కి రాత్రికి తిరిగొచ్చేయాలి. మధ్యలో ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు నడక. తీరా చూస్తే బ్యాచ్ రెండు పార్టీలయింది. ఒకళ్లు మంగినపూడి బీచ్ వెంట నడుద్దామంటారు. రెండోవాళ్లు ఊళ్లో డచ్చివాళ్ల సమాధులు చూసుకుని బందరుకోట దాకా నడుద్దామంటారు. నాది కోట పార్టీ. ఆ దారిలో అలలూ, ఇసుకా ఉండవని ముందే చెప్పేశాను. "బందరు దాకా వెళ్లి సముద్రం చూడకుండా రావడమేంటి?" అని ఇంట్లో కూడా దెప్పుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

వన్‌టౌన్ కుర్రోడు:
బీచే అన్నా, ఇందులో ఆలోచించేదేముంది? కోటలో మిగిలింది ఒక గంట గోపురం, కొన్ని మొండిగోడలు. పది నిమిషాల్లో చూడటం అయిపోతుంది. మంగినపూడిలో లైట్‌హౌస్ ఉంది, లోతు తక్కువ కాబట్టి పిల్లలు కూడా నీళ్లలో దిగొచ్చు. వారమంతా ఆఫీసు గోడలు చూసి, ఆదివారం కూడా గోడలేనా?

బందరు ఆడపడుచు:
పుట్టింది బందరు, మెట్టింది గుంటూరు కాబట్టి కాస్త చెప్పే హక్కుంది. బాబూ, మంగినపూడిలో మీరనుకునే ఇసుక ఉండదు. నల్లమట్టి. నీళ్లు వెనక్కి పోయిన చోట అడుగేస్తే కాలు పైకొస్తుంది, చెప్పు కిందే ఉండిపోతుంది. పండగరోజు మునకేసి రావడానికి బాగుంటుంది. కార్తీక పౌర్ణమికి జనం ఎలా వస్తారో చూస్తే తెలుస్తుంది. కానీ అక్కడ గంటలకొద్దీ నడవడం వేరే సంగతి. పైగా బీచ్ ఊళ్లో లేదు, పదీ పదకొండు కిలోమీటర్ల అవతల ఉంది. బస్సు దిగి ఆటో ఎక్కాలి. లోతు తక్కువని పిల్లల్ని ధీమాగా వదిలేయకండి. అలల్లో అది పనికిరాని ధీమా.

విశాఖ ఉద్యోగి, సొంతూరు తెనాలి:
ఇన్ని తిప్పలు దేనికి? భీమిలి వెళ్లండి. డచ్చివాళ్ల సమాధులున్నాయి, గడియార స్తంభం, లైట్‌హౌస్, పాత చర్చి, గోస్తని సముద్రంలో కలిసే చోటు, అన్నీ కాలినడకన అందుతాయి. ఓపిక ఉంటే పావురాలకొండ ఎక్కండి. పైన పాత బౌద్ధ విహారం ఆనవాళ్లున్నాయి, కింద సముద్రమంతా కనిపిస్తుంది. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. చరిత్రా, సముద్రమూ ఒకే దారిలో దొరుకుతున్నప్పుడు బందరులో పార్టీలు కట్టడం ఎందుకో నాకర్థం కాదు.

పటమట వాకర్:
భీమిలి బాగుంటుందని ఎవరు కాదన్నారండీ? రాత్రి రైలు, మళ్లీ అక్కడ బస్సు, ఒక లాడ్జి. మా బ్యాచ్‌లో సగంమందికి సోమవారం పొద్దున్నే డ్యూటీ. నేనడిగింది ఒక్క పూటలో అయ్యే పని.

బెంజిసర్కిల్ బాబాయ్:
కోటని పది నిమిషాల్లో చూసేయొచ్చన్న కుర్రోడికి నాలుగు ముక్కలు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

బందరులో సముద్రం ఊరిని ఆనుకుని ఉండదు. రేవు కథంతా ఆ దూరంలోనే ఉంది. తీరం దగ్గర లోతు తక్కువ, అంతా ఒండ్రు. పెద్ద ఓడలు దూరంగా లంగరేసుకునేవి, సరుకు చిన్న పడవల్లో ఎక్కీ దిగేది. 1600ల మొదట్లో డచ్చివాళ్లు వచ్చారు. ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చి, కోరమాండల్ తీరంలో తమ మొదటి వ్యాపార కోఠీ ఇక్కడే పెట్టారు. గోల్కొండ సుల్తానుల రాజ్యానికి ఇదే పెద్ద రేవు. ఇంత వ్యాపారం జరిగింది మనం బురద అని మొహం చిట్లించే ఈ తీరం మీదే.

ఇక కోట. అది కొండ మీద కట్టింది కాదు, ఉప్పు రొంపిలో కట్టింది. చుట్టూ ఉన్న రొంపే దానికి సగం కాపలా. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండగా 1759 ఏప్రిల్లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి పట్టుకున్నాడు. విజయనగరం ఆనందరాజు బలగం అతని పక్షాన ఉంది. ఆ రొంపినీ, ఉప్పునీటి కయ్యలనీ చూసుకుంటూ నడిచి వెళ్తేనే కోట అక్కడెందుకుందో తెలుస్తుంది. ఆటోలో వెళ్లి దిగితే అవి మొండిగోడలే, కుర్రోడి మాట నిజమే.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ముప్ఫై వేల మంది దాకా పోయారంటారు. ఆ దెబ్బ నుంచి ఊరు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. ఇన్ని మైళ్ల దూరంలో ఉన్న సముద్రం ఊళ్లోకి ఎలా వచ్చిందని అడిగేవాళ్లు ఆ దారిలో ఒకసారి నడవాలి. నేలంతా ఎంత సమంగా ఉందో, నీటికి అడ్డే లేదని కళ్లకు కనిపిస్తుంది. నన్నడిగితే ఈ దారిలో సముద్రాన్ని చూడాల్సింది అలలో కాదు, ఈ పల్లంలో.

వన్‌టౌన్ కుర్రోడు:
బాబాయ్, క్లాసు బాగుంది. కానీ మాతో వచ్చేవాళ్లలో పిల్లలున్నారు. వాళ్లకి 1759 చెప్పి రొంపి చూపిస్తే మళ్లీ మాతో రారు. ఇంకోటి, ఆ దారిలో నీడ ఉందా? బాత్రూమ్ ఉందా? ఆడవాళ్లకి అదే మొదటి ప్రశ్న.

బందరు ఆడపడుచు:
ఈ ప్రశ్న అడిగినందుకు బతికావు. చరిత్ర చెప్పేవాళ్లెవరూ ఆ సంగతి ఎత్తరు. కోట దగ్గర ఏ వసతీ ఉంటుందని లెక్కేసుకోకండి. బస్టాండులోనే పని చూసుకుని బయల్దేరాలి, నీళ్లూ టోపీలూ మోసుకుపోవాలి. ఊళ్లోంచి కోటకి మూడు నాలుగు కిలోమీటర్లుంటుంది. తొమ్మిదిన్నర లోపు వెళ్లి వచ్చేయాలి, తర్వాత ఎండ మాడ్చేస్తుంది. డచ్చి సమాధులు ఊళ్లోనే కాబట్టి వెనక్కొచ్చాక చూడొచ్చు. రాతిపలకల మీద వాళ్ల వంశ చిహ్నాలు, డచ్చి, లాటిన్ రాతలు చెక్కి ఉంటాయి. అక్షరాల అంచు ఇంకా పోలేదు. పిల్లల్ని వాటి మీదికి ఎక్కనివ్వకండి.

పిల్లలకి ఇష్టమయ్యేది చెప్పనా? పెడన. బెజవాడ, గుడివాడ రైలు దారిలో బందరుకి ముందే వస్తుంది. కలంకారీ అద్దకం అక్కడ. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుపముక్కలూ బెల్లం ఊరేసిన నీళ్లలో చెక్క అచ్చు అద్ది గుడ్డ మీద కొడితే, అచ్చు పడిన చోట కరక్కాయతో కలిసి నల్లగా తిరుగుతుంది. పటిక అద్దిన చోట అప్పటికేమీ కనపడదు. రంగునీళ్లలో ఉడికించాకే ఎరుపు పైకొస్తుంది. మధ్యలో కాలవలో జాడింపులు. నాకైతే కోటా, బీచ్ రెండిటికన్నా ఆ కాలవగట్టే నడవదగ్గ దారి. ఒకప్పుడు ఓడలెక్కిన సరుకు ఈ అద్దకం గుడ్డే కదా.

గుంటూరు గోంగూర:
అందరూ బందరు బందరంటున్నారు, మా వైపూ ఒక రేవుంది, మోటుపల్లి. చీరాల దగ్గర. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని పాలకులు లాక్కునే రోజుల్లో, అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని కాకతీయ గణపతిదేవుడు 1244లో వ్యాపారులకు అభయమిచ్చిన శాసనం అక్కడి గుడిలో ఉంది. ఇప్పుడది చిన్న పల్లె. జనం తాకిడి ఉండదు, సముద్రమూ దగ్గరే. బెజవాడోళ్లకి కృష్ణ దాటడం కష్టమనుకుంటా!

బెంజిసర్కిల్ బాబాయ్:
మోటుపల్లి మాట ఒప్పుకుంటున్నా. పెడన మాట కూడా. కానీ అమ్మా, అద్దకం ఇళ్లలో జరిగే పని. ముప్ఫై మంది ఫోన్లు పట్టుకుని దిగితే వాళ్లకి పని చెడుతుంది. ముందు అడిగి, నలుగురైదుగురు చొప్పున వెళ్లాలి. ఇంటికో గుడ్డముక్కయినా కొనాలి.

పటమట వాకర్:
సరే. పొద్దున ఏడింటికి బందరు బస్టాండులో దిగేలా బయల్దేరతాం. నేరుగా కోట, వెనక్కొచ్చి సమాధులు, భోజనం. బీచ్‌కి వెళ్లేవాళ్లు అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకోండి, నేను రాను. మిగిలినవాళ్లం పెడన మీదుగా రైల్లో తిరిగొస్తాం. ఆదివారం అద్దకం పని నడుస్తుందో లేదో కనుక్కున్నాకే ఆ ముక్క ఖాయం చేస్తా. తొక్కుడు లడ్డు ఎవరి ఖర్చు వాళ్లదే.

వన్‌టౌన్ కుర్రోడు:
బీచ్‌కి ఆటోలో నాతో వచ్చేవాళ్లు ఇక్కడ పేర్లు రాయండి. పాత చెప్పులు వేసుకురండి, అక్క చెప్పింది విన్నారుగా.