68 ఏళ్ల వయసులో మెదడులో ‘లో గ్రేడ్’ గడ్డ: బయాప్సీ ఇప్పుడే చేయించాలా, ఆగి చూడాలా?

ఉదయకిరణం:
మా నాన్నగారికి 68 ఏళ్లు. అన్నం తింటుండగా ఎడమచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకున్నాయి, కలిపిన ముద్ద కంచంలో పడిపోయింది. కాసేపటికి సర్దుకుంది. ఎమ్మారైలో మెదడు కుడి ఫ్రంటల్ (ముందు) భాగంలో మచ్చ ఉంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించినా అది వెలగలేదు. రిపోర్టులో ‘లో గ్రేడ్ గ్లయోమా కావచ్చు’ అని రాశారు, అంటే నిదానంగా పెరిగే మెదడు గడ్డట. ఒక డాక్టరుగారు బయాప్సీ (పుర్రెకు రంధ్రం చేసి, సూదితో ముక్క తీసి పరీక్షించడం) అంటున్నారు, మరొకరు మూడు నెలలాగి మళ్లీ స్కాన్ తీద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి?

నెమ్మదస్తుడు:
ఆగండి. మా పెద్దమ్మకు మెనింజియోమా అనే గడ్డ ఉందని తేలాక ఏటా స్కాన్లతోనే హాయిగా గడిపారు. వేళ్లు అలా కొట్టుకునే ఫిట్స్‌కు మాత్రలున్నాయి. ఈ వయసులో పుర్రెకు రంధ్రం అవసరమా?

సూక్ష్మదర్శిని:
నెమ్మదస్తుడు గారూ, రెండూ ఒకటి కావు. మెనింజియోమా మెదడు పొరల్లో పుడుతుంది, చాలావరకు నిదానంగా పెరుగుతుంది. గ్లయోమా మెదడు కణజాలంలోనే అల్లుకుపోతుంది. పైగా నిజమైన లో గ్రేడ్ గ్లయోమాలు ఎక్కువగా 30, 40 ఏళ్ల వయసువారిలో కనిపిస్తాయి. అరవై దాటినవారి రిపోర్టులో ఆ మాట చూస్తే నాకు ఊరట కలగదు, అనుమానం కలుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ చూడండి. పెద్దల్లో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు లేని ఆస్ట్రోసైటోమాకు (గ్లయోమాలో ఒక రకం) టెర్ట్ జన్యువును నడిపే భాగంలో (ప్రమోటర్) మార్పు గానీ, ఈజీఎఫ్ఆర్ జన్యువు ప్రతులు విపరీతంగా పెరగడం గానీ, 7వ క్రోమోజోమ్ అదనంగా చేరి 10వది పోవడం గానీ ఉంటే, స్లైడు మీద ఎంత సాధువుగా కనిపించినా అది గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4, అంటే అన్నిటికన్నా ఉధృతమైన రకం. ఈ సంగతి స్కానుకు తెలియదు.

నెమ్మదస్తుడు:
మెనింజియోమా పోలిక వదిలేస్తాను. కానీ సూది గుచ్చిన చోట ఉన్నదే కదా బయటికొచ్చేది? పక్కనే ముదిరిన భాగం ఉంటే? రక్తస్రావం జరిగి చెయ్యి పడిపోతే ఎవరిది పూచీ? తేలినా, ఆ వయసులో చికిత్స తట్టుకోగలరా?

సూక్ష్మదర్శిని:
రక్తస్రావం భయం నిజమైనదే, తక్కువమందిలోనైనా జరుగుతుంది. గుచ్చే చోటు ఎంచడానికే పర్ఫ్యూజన్ (రక్తప్రసరణ చూపేది), స్పెక్ట్రోస్కోపీ (కణజాలంలోని రసాయనాలు చూపేది) స్కాన్లు ఉన్నాయి. చికిత్స సంగతంటారా, గ్లయోబ్లాస్టోమా వచ్చిన 65 దాటినవారికి మూడు వారాల రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు ఇస్తే ఆయుర్దాయం పెరుగుతుందని 2017లోనే తేలింది. మంచం పట్టిన మనిషికైతే నేనూ బయాప్సీ వద్దనేవాణ్ణి. ఈయన కూర్చుని తన చేత్తో తాను తింటున్నారు. పక్షవాతం తాలూకు మచ్చేమోనన్న సందేహం ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ స్కాన్ తీయడం సబబే. మూడు నెలలు మాత్రం నాకు ఎక్కువే.

ఉదయకిరణం:
ఆయన గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నారు. ఆపెయ్యాలా?

సూక్ష్మదర్శిని:
మీ అంతట మీరు ఆపవద్దు. సర్జన్, గుండె డాక్టరు మాట్లాడుకోవాలి. రెండో అభిప్రాయానికి కాగితం రిపోర్టు ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. తీసిన ముక్కను జన్యు పరీక్షలకు పంపుతారా అని ముందే అడగండి. అది లేకపోతే నెమ్మదస్తుడు గారి వాదనే గెలుస్తుంది.