హెచ్‌ఐవీ ఉన్న కొందరికే బలమైన యాంటీబాడీలు ఎందుకు వస్తాయి? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండి. తిరుపతిలో ఎంఎస్సీ చదువుతున్నాను. సెమినార్‌కి ఈ టాపిక్ కోరి తీసుకున్నాను. మా ఇంట్లో ఒకరు ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే) మందులు వాడుతున్నారు, అందుకే ఇది నాకు మార్కుల విషయం మాత్రమే కాదు.

హెచ్‌ఐవీ సోకిన దాదాపు అందరిలో యాంటీబాడీలు పుడతాయి. కానీ వైరస్ పైపొర మార్చుకుని తప్పించుకుంటుంది. రకరకాల హెచ్‌ఐవీని ఆపగల యాంటీబాడీలు కొద్దిమందిలోనే, అదీ ఏళ్లు గడిచాక వస్తాయి. 2010లో వెల్లడైన వీఆర్‌సీ01 అలాంటిదే. రోగనిరోధక కణాల మీద ఉండే సీడీ4 అనే ప్రోటీన్‌ని వైరస్ తన పైపొరలోని ఏ చోటుతో పట్టుకుంటుందో, ఆ చోటుకే ఈ యాంటీబాడీ అతుక్కుంటుంది. ఇలాంటివి రావాలంటే లింఫ్ గ్రంథుల్లో యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు మళ్లీ మళ్లీ మ్యుటేషన్లు (జన్యు మార్పులు) పొందాలి. దానికి టీఎఫ్‌హెచ్ అనే సహాయక టీ కణాల సాయం కావాలి.

నా చిక్కంతా ఇక్కడే. టీఎఫ్‌హెచ్ కణాలు కూడా సీడీ4 ఉన్న కణాలే, వైరస్ వాటిలోనూ దాక్కుంటుంది. సాయం చేసే కణాలకే వైరస్ సోకితే బీ కణాలకు సరైన సాయం ఎలా అందుతుంది? పైగా ఒంట్లో వైరస్ ఎక్కువ ఉన్నవాళ్లలోనే ఈ యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి. అలాగని మందులు ఆపడం ప్రాణాంతకం, ఆ మాటే వద్దు. మరి మందులతో వైరస్ అణిగినవాళ్లలో ఈ యాంటీబాడీల ఎదుగుదల ఆగిపోతుందా?

ఇమ్యునాలజీ చదివినవాళ్లు, ఏఆర్‌టీ సెంటర్లలో పనిచేసే డాక్టర్లు దయచేసి వివరంగా రాయండి. తిరుపతి, చిత్తూరు వాళ్లైతే నేనే వచ్చి కలుస్తాను.