పాత ఆర్చ్‌టాప్ గిటార్‌కు పికప్ కోసం పైచెక్క కోయించవచ్చా?

కాజీపేట_తమ్ముడు:
మా తాత రైల్వేలో ఫిట్టర్. 1960లలో పక్క క్వార్టర్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఆస్ట్రేలియా వెళ్లిపోతూ తన గిటార్ ఆయన చేతిలో పెట్టాడట. పైచెక్క ఉబ్బెత్తుగా ఉంటుంది, వయొలిన్‌కున్నట్టు రెండు ఎఫ్ రంధ్రాలు. లేబుల్ ఊడిపోయింది. చర్చి క్వైర్‌లో డోలక్, కీబోర్డు మధ్య వాయిస్తే వినపడటం లేదు. రిపేరు చేసే అన్న పైచెక్క కోసి పికప్ (తీగల ఊపును కరెంటుగా మార్చి స్పీకరుకు పంపేది) బిగిస్తానంటున్నాడు. చేయించనా?

కరీంనగర్_బ్యాండ్:
చేయించు తమ్మీ. ఎవరికీ వినపడకపోతే అది ఇంట్లో ఫొటోతో సమానం. అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్లే 1951లో తమ ఆర్చ్‌టాప్ ఎల్-5కు పికప్‌లు బిగించి అమ్మారు. చేసినవాళ్లకే లేని పట్టింపు మనకెందుకు?

హన్మకొండ_పాతతీగ:
అన్నా, ఎల్-5 మాట నిజమే. కానీ ఆ ఎలక్ట్రిక్ రకానికి పైచెక్కను మొదటినుంచే మందంగా చేశారు. మామూలు ఆర్చ్‌టాప్‌కు అట్లా కాదు. మంచివాటిలో స్ప్రూస్ అనే చెక్క దిమ్మను వయొలిన్ లాగానే చెక్కి, అంచుల దగ్గర పలచన చేస్తారు. తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జిని అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. తీగలు బ్రిడ్జికి కాక, గిటార్ చివరన బిగించిన టెయిల్‌పీస్ అనే పట్టీకి తగిలించి ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడంతా పైచెక్క మీదికి దిగుతుంది. అక్కడే కోసి, పికప్ బరువు వేలాడదీస్తే చెక్క ఊగడం తగ్గిపోతుంది. ఒకసారి కోశాక మళ్లీ అతికించలేం.

నిజం చెప్పాలంటే, మొదటిసారి ఆర్చ్‌టాప్ పట్టినప్పుడు నాకు నచ్చలేదు. బేస్ లేదు, మోత ఎక్కువసేపు నిలవదు. తర్వాత మూడే తీగలతో ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) కొట్టాను. మూడు స్వరాలూ విడివిడిగా, ఠక్కుమని పలికి ఆగిపోయాయి. అప్పుడు అర్థమైంది, ఇది ఒంటరిగా పాడటానికి కాదు, గుంపు మధ్య లయ పట్టడానికి పుట్టిందని. అమెరికా జాజ్ బృందం కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి దాదాపు 50 ఏళ్లు చేసిన పని అదే. బాకాలు, డ్రమ్ముల మధ్య, ఎక్కువగా కరెంటు సాయం లేకుండానే.

తమ్మీ, ముందు ఎఫ్ రంధ్రం అంచును టార్చితో చూడు. పైన కనిపించే గీతలు అంచు లోపలికీ దిగితే అది ఒకే చెక్క. అట్లుంటే రంపం దగ్గరికి రానీయకు. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, కోసినా నష్టం తక్కువ. ఎలాగైనా మొదట పిక్‌గార్డ్‌కు (తీగల పక్కన పైచెక్కకు కొంచెం ఎత్తులో ఉండే పలక) తగిలించే ఫ్లోటింగ్ పికప్ పెట్టించు. డిఆర్మాండ్ పేరుతో 1940లలోనే ఇలాంటివి అమ్మేవాళ్లు. పైచెక్కకు గీత కూడా పడదు.

కరీంనగర్_బ్యాండ్:
ఫ్లోటింగ్ పెట్టినా లోపల డొల్లే కదా అన్నా. సౌండ్ పెంచితే స్పీకరు మోతకు డొల్ల కూడా ఊగి ఊళ పెడుతుంది.

హన్మకొండ_పాతతీగ:
పెడుతుంది. కోసి బిగించినా లోపల డొల్లే, ఊళ పూర్తిగా పోదు. ఆంప్‌ను (స్పీకరు పెట్టెను) గిటార్‌కు ఎదురుగా పెట్టకుండా పక్కకు జరిపి, బేస్ తగ్గించాలి. ఇంకొక మాట, మే నెలలో దాన్ని కారులో వదిలేయొద్దు. పాత జిగురు మన ఎండకు మెత్తబడి అతుకులు విడిపోతాయి.

కాజీపేట_తమ్ముడు:
ఇప్పుడే చూశాను. రెండు రంధ్రాల్లోనూ గీతలు లోపలికే దిగాయి, పొరలు లేవు. రిపేరు అన్నకు ఫోన్ చేసి పని ఆపమన్నాను.