అప్‌డేట్: బేస్ ఆంప్ గరగర పోయింది, ఒక్క పాట్ మాత్రం మార్చాల్సొచ్చింది

పాత బేస్ గిటార్ ఆంప్‌లో వాల్యూమ్, ట్రెబుల్ నాబ్‌లు తిప్పితే గరగరమంటున్నాయి, క్లీన్ చేస్తే చాలా, పాట్‌లు (నాబ్ వెనక ఉండే పొటెన్షియోమీటర్లు, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగాలు) మార్చాలా అని అడిగాను కదా. రెండూ చేయాల్సి వచ్చింది.

ప్లగ్ తీసి, ఫిల్టర్ కెపాసిటర్లలో (ప్లగ్ తీసినా కరెంట్ నిలవుండే భాగాలు) చార్జ్ పోయిందని మీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాను. ఆ జాగ్రత్త చెప్పినవాళ్లకు దండం. ట్రెబుల్ పాట్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ముప్ఫైసార్లు తిప్పితే బాగైంది.

వాల్యూమ్ లొంగలేదు. టంకం ఊడదీసి, మధ్య కాలుకీ చివరి కాలుకీ మల్టీమీటర్ పెట్టి మెల్లగా తిప్పాను. సగం దగ్గరకి రాగానే రీడింగ్ ఎగిరిపోతోంది. విప్పి చూస్తే నల్లటి కార్బన్ పట్టీ మీద సన్నటి గాడి, వైపర్ (పట్టీ మీద జరిగే లోహపు కాంటాక్ట్) రాసుకుని రాసుకుని పడింది. అరిగిపోయిన కార్బన్‌ని ఏ స్ప్రే తిరిగి తేలేదు.

కొత్తది తెచ్చేటప్పుడు ఓమ్‌లు ఒక్కటే చూడకండి. నాది 100 కిలో ఓమ్‌ల లాగ్ టేపర్, అంటే తిప్పేకొద్దీ రెసిస్టెన్స్ మొదట మెల్లగా, తర్వాత వేగంగా మారే రకం. దాని చోట లీనియర్ (అంతటా సమానంగా మారేది) పెడితే శబ్దమంతా మొదటి పావు తిప్పులోనే మీద పడుతుంది. షాఫ్ట్ మందం కూడా కొలవండి, లేకపోతే పాత నాబ్ పట్టదు.

కొత్త పాట్ వేశాక కూడా గరగర ఉంటే, కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని వదిలి డీసీ వోల్టేజ్‌ని ఆపేది) లీకై పాట్‌కి డీసీ వస్తోందేమో చూడండి. నాకు రాలేదు. రాత్రి బేస్ మీద లో-E స్ట్రింగ్ (అన్నిటికంటే మందమైన తీగ) మోగిస్తూ వాల్యూమ్ పెంచాను, ఎక్కడా చిన్న చిటపట కూడా లేదు.