మన జిల్లాల సైకిళ్లు చూపించండి: సముద్రం రోడ్డుకీ, సాలూరు ఘాట్‌కీ ఒకే బండి సరిపోతుందా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
బండి ఫొటోలు పెట్టాను, వివరాలు ఇవి. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, షిమానో క్లారిస్ ఆర్2000 8 స్పీడ్ గేర్లు, ముందు 50-34 పళ్ల చక్రాలు, వెనక 11-28 కేసెట్ (పళ్ల చక్రాల గుత్తి), 700×32 టైర్లు, కేబుల్ డిస్క్ బ్రేకులు. శ్రీకూర్మం, కళింగపట్నం వైపు చదును రోడ్ల మీద దీనికి వంక పెట్టడానికి లేదు. ఇప్పుడు సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించాలని ఉంది. 34-28 గేరు (ముందు 34, వెనక 28 పళ్లు) సరిపోతుందా, కేసెట్ ఒక్కటి మారిస్తే చాలా? రెండోది, సముద్రం గాలికి బోల్టులు, స్పోకుల చివర్లు తుప్పు పడుతున్నాయి. మీరంతా ఏం వాడుతున్నారు? మీ బళ్లు కూడా పెట్టండి, ఏ పార్టు ఎందుకు ఎంచుకున్నారో రాయండి.

బొబ్బిలి స్పోకు (విజయనగరం జిల్లా):
బండి చాలా బాగుంది తమ్ముడూ, కేబుళ్లు శుభ్రంగా లాగారు. గేరు సంగతి లెక్కేసి చూద్దాం. 700×32 చక్రం ఒక చుట్టుకి సుమారు 2.15 మీటర్లు వెళ్తుంది. నిమిషానికి 60 సార్లు తొక్కితే 34-28 మీద గంటకి 9.4 కి.మీ. వస్తుంది, 34-34 మీద 7.7. మనిషీ బండీ కలిపి 80 కిలోలు ఉంటే, 7 శాతం ఎక్కుడులో మొదటిదానికి 160 వాట్లు, రెండోదానికి 130 వాట్లు కావాలి. ఆ తేడా గంటసేపు మోకాళ్ల మీద పడుతుంది. శక్తి చాలక నిమిషానికి 45 కి దిగి తొక్కితే నొప్పి ఖాయం. కాబట్టి 11-34 వేయించండి.

కేసెట్ ఒక్కటి మారిస్తే చాలదు. వెనక డిరైలర్ (చైనుని ఒక చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) మీద మోడల్ నంబరు చూడండి. ఆర్2000 జీఎస్ అయితే 34 పళ్లు పట్టుతుంది, ఎస్ఎస్ అయితే పట్టదు, అది కూడా మార్చాలి. పాత చైను పొట్టిదవుతుంది. కొత్త చైనుని డిరైలర్‌లోంచి పోనిచ్చి కొలిస్తే తప్పు వస్తుంది. ముందు 50, వెనక 34 మీద నేరుగా చుట్టి, కలిసే చోటు నుంచి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం, కలిపి కత్తిరించండి. పొట్టిగా ఉంచి పెద్దా పెద్దా గేరు వేస్తే డిరైలర్ బిగించే హ్యాంగర్ విరుగుతుంది. ఆఖరున డిరైలర్ మీదున్న బీ స్క్రూ తిప్పి, దాని పై పుల్లీకీ 34 చక్రానికీ మధ్య 5, 6 మి.మీ. ఎడం పెట్టండి. దగ్గరైతే గరగరమంటుంది, దూరమైతే చిన్న చక్రాల మీద గేరు ఆలస్యంగా పడుతుంది.

నాది క్రోమోలీ స్టీలు ఫ్రేము, ముందు 48-38-28, వెనక 7 స్పీడ్ ఫ్రీవీల్ (హబ్బుకి మరతో బిగించే పాత రకం పళ్ల గుత్తి) 14-28. పాత పద్ధతే కానీ 28-28 ఉంది, ఘాట్‌కి అంతకన్నా ఏం కావాలి! ఇలాంటి బళ్లున్నవాళ్లు ఫ్రీవీలో కేసెట్టో తెలియక తప్పు పార్టు కొంటారు. చక్రం తీసి పళ్లు వెనక్కి తిప్పండి: టూలు పట్టే గాడి కూడా తిరిగితే కేసెట్, అది కదలకుండా ఉంటే ఫ్రీవీల్.

ఉప్పుగాలి (భావనపాడు):
తుప్పు గురించి నేను చెప్తాను. కడగడానికి బకెట్ మంచినీళ్లు, గుడ్డ చాలు. వాటర్ సర్వీసు పైపు మాత్రం వద్దు, ఆ ఒత్తిడికి హబ్బు, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగుల్లోకి నీళ్లు దూరి గ్రీజు పోతుంది. సముద్రం ఒడ్డుకి వెళ్లిన రోజే కడగండి, ఆరాక చైనుకి వెట్ లూబు (తడికి తట్టుకునే నూనె) ఒక్కో రోలరుకి ఒక్క చుక్క, పది నిమిషాలాగి పైది తుడిచేయండి. తుడవకపోతే ఇసుక అంటుకుని చైనుని అదే అరగదీస్తుంది.

బైటకి కనపడే తుప్పు కన్నా లోపలిది ప్రమాదం. స్టీలు ఫ్రేములో అల్యూమినియం సీటుపోస్టు, అల్యూమినియం క్రాంకులో స్టీలు పెడల్ ఇరుసు: రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే పట్టేస్తాయి, తర్వాత సుత్తికీ రావు. మూడు నెలలకోసారి ఊడదీసి గ్రీజు పట్టించండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, గుర్తుంచుకోండి. డిస్క్ దగ్గర నూనె స్ప్రే కొట్టకూడదు, ప్యాడ్లు పీల్చేస్తే మార్చడం తప్ప దారి లేదు.

చైను అరుగుదలకి స్టీలు స్కేలు చాలు. 24 లింకులు కొత్తలో 304.8 మి.మీ. ఉంటాయి. 307 వస్తే చైను మార్చండి. 308 దాటనిస్తే కేసెట్ కూడా పోతుంది.

గజపతినగరం టూరర్:
గేర్లు, తుప్పు సరే, ట్యూబు మాటేటి? పల్లెల్లో పంచర్ షాపుల్లో దొరికేది పెద్ద సైకిళ్ల 28×1½ ట్యూబు. దాని రిమ్ము వ్యాసం 635 మి.మీ., మనది 622. కాస్త ముడతపడినా 700×38 టైరులో ఇంటికి చేరేదాకా పనిచేస్తుంది. కానీ సన్న ప్రెస్టా వాల్వ్ రిమ్ముకి 6.5 మి.మీ. బెజ్జమే, ఆ వాల్వ్ దూరదు. అందుకే నా టూరింగ్ బండికి మోటారుసైకిల్ వాల్వ్ పట్టే 8.5 మి.మీ. బెజ్జం రిమ్ములే వేయించాను. మీకు 32 టైరు కాబట్టి రెండు స్పేర్ ట్యూబులు, మామూలు పంపుతో గాలి కొట్టడానికి ప్రెస్టా అడాప్టరు తప్పనిసరి. తుమ్మముల్లు దిగితే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో తడమండి. మొన తీయకపోతే అక్కడే మళ్లీ పంచర్.

నాగావళి గట్టు:
డిరైలర్ మీద జీఎస్ అనే ఉంది అన్నా. కేసెట్, చైను ఆర్డరు పెట్టేశాను. దిగేటప్పుడు బ్రేకుల సంగతి?

బొబ్బిలి స్పోకు:
కేబుల్ డిస్కులో చక్రం వైపు ప్యాడ్ తనంతట కదలదు. అరిగేకొద్దీ దాని స్క్రూ తిప్పి దగ్గరకి తేవాలి, లేకపోతే డిస్క్ వంగి లివరు హ్యాండిల్‌కి తగిలిపోతుంది. ప్యాడ్ మందం 0.5 మి.మీ.కి వచ్చేలోగా మార్చండి. ఆ ఘాట్ ఉన్న 26వ నంబరు హైవే మీద లారీలు ఎక్కువ. అదేపనిగా నొక్కిపట్టకుండా మలుపుకి ముందే గట్టిగా పట్టి వదలండి, డిస్క్ చల్లారుతుంది.